గైడ్ డాగ్‌ల గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఇప్పుడు నడుస్తున్న గైడ్ డాగ్ సంస్థల్లో అన్నిటికంటే పాతది ‘ద సీయింగ్ ఐ’. అది న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో ఉంది. ఎడిసన్, పార్సిపనీ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు కారులో దగ్గరి దూరమే. చూపులేనివారికి తోడుగా నడిచే ఈ కుక్కలు అక్కడి వీధుల్లో రోజూ కనిపిస్తాయి. వాటిని చూసి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, కొత్తగా దిగిన విద్యార్థులు, రెస్టారెంట్లు నడిపే మిత్రులు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎక్కువ వివరాలు ఆ సంస్థ పద్ధతినిబట్టి చెప్పినవి. మిగతా సంస్థల్లో చిన్న చిన్న తేడాలుంటాయి.

“బ్యాంకుకు పద” అంటే కుక్క తీసుకెళ్లిపోతుందా?

తీసుకెళ్లదు. ఈ ఒక్క అపోహ తొలగితే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతటవే పోతాయి కాబట్టి దీన్నే ముందు పెట్టాను.

దారి తెలియాల్సింది మనిషికి. ఇంటి నుంచి ఎన్ని వీధులు దాటాలి, ఎక్కడ ఎడమకు తిరగాలి, బ్యాంకు రోడ్డుకు ఏ వైపున ఉంది, ఇవన్నీ అతను మనసులో పెట్టుకుని బయలుదేరతాడు. ‘ముందుకు’, ‘ఎడమకు’, ‘కుడికి’ అని చెప్పేది అతనే. కుక్క పని ఆ చెప్పిన దిశలో తిన్నగా, తగలకుండా, పడకుండా నడిపించడం. ఎదురొచ్చే మనుషులను, స్తంభాలను, చెత్తడబ్బాలను తప్పిస్తుంది. ఫుట్‌పాత్ అంచు రాగానే ఆగుతుంది, మెట్ల ముందు ఆగుతుంది. తనకు తగలకపోయినా పక్కన నడిచే మనిషి నుదుటికి తగిలే చెట్టుకొమ్మను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. తన ఎత్తు, వెడల్పు కాకుండా ఇద్దరి ఎత్తు, వెడల్పు చూసుకుని నడవడం నిజానికి చాలా కష్టమైన విద్య.

కుక్క ఆగినప్పుడు మనిషి కాలితో తడిమి, అది అంచా, మెట్టా, గుంతా అని తెలుసుకుంటాడు. వాహనాల చప్పుడు ఏ వైపు నుంచి వస్తోంది, ఎండ ఏ చెంప మీద పడుతోంది, బేకరీ వాసన తగిలిందా లేదా, ఇలాంటివన్నీ కలుపుకుని తానెక్కడున్నాడో నిర్ధారించుకుంటాడు. రోజూ నడిచే దారులను కుక్క గుర్తుపెట్టుకునే మాట నిజమే. అందువల్ల చిక్కులూ ఉన్నాయి. ఎప్పుడో బిస్కెట్ దొరికిన దుకాణం గుమ్మం ముందు అడగకపోయినా మలుపు తీసుకునే కుక్కలు లేకపోలేదు.

చూసేవాళ్లు “ఎంత తెలివైన కుక్కో!” అని ఆశ్చర్యపోతారు. పక్కనే చూపు లేకుండా ఊరంతా బుర్రలో పెట్టుకుని నడుస్తున్న మనిషిని మెచ్చుకునేవాళ్లు తక్కువ.

సిగ్నల్‌లో ఎర్రదీపం, పచ్చదీపం తేడా కుక్కకు తెలుస్తుందా?

తెలియదు. కుక్కల కళ్లు నీలం, పసుపు రంగులను బాగా పట్టుకుంటాయి కానీ ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడాను సరిగా పట్టుకోలేవు. రోడ్డు ఎప్పుడు దాటాలో నిర్ణయించేది మనిషి, అదీ చెవులతో. తనకు సమాంతరంగా నిలిచిన వాహనాలు కదిలిన చప్పుడు వినిపిస్తే, అడ్డంగా వెళ్లేవి ఆగాయని అర్థం. అప్పుడు ‘ముందుకు’ అంటాడు.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లు వచ్చాక ఈ లెక్క తప్పడం మొదలైంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు వాటికి చప్పుడే ఉండదు. చూపులేనివారి సంఘాలు గట్టిగా అడగడంతో అమెరికాలో 2011 జనవరిలో చట్టం వచ్చింది. 2016 చివర్లో ఖరారైన నిబంధన ప్రకారం అలాంటి కార్లు గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్తున్నప్పుడు కావాలనే ఒక ధ్వని చేయాలి. పార్కింగ్ స్థలంలో మీ పక్కింటివారి కారు ఊళపెట్టినట్టు వినిపిస్తే కారణం ఇదే.

మనిషి పొరపాటుపడి ‘ముందుకు’ అంటే?

అప్పుడు కుక్క మాట వినకూడదు. శిక్షణలో అన్నిటికంటే విలువైన పాఠం ఇదే. ఏడాదికి పైగా ‘చెప్పినట్టు విను’ అని పెంచిన కుక్కకు, ‘ప్రమాదం కనిపిస్తే వినకు’ అని నేర్పాలి.

దీన్ని నిజమైన కారుతోనే నేర్పుతారు. శిక్షకుడు కుక్కతో ఫుట్‌పాత్ అంచున నిలబడి ‘ముందుకు’ అంటాడు. సరిగ్గా అప్పుడే ఇంకో శిక్షకుడు కారు నడుపుకుంటూ అడ్డంగా వస్తాడు. కుక్క కదలకుండా నిలబడినా, వెనక్కి లాగినా బోలెడంత మెచ్చుకుంటారు. రోడ్డు మధ్యలో ఉండగా కారు మలుపు తిరిగి మీదికొస్తే ఆగడం, రైల్వే ప్లాట్‌ఫారం అంచు దాకా వచ్చాక అడుగు ముందుకు వేయకపోవడం కూడా ఇలాగే నేర్పుతారు. కుక్క ఆగితే “ఎందుకు ఆగావు?” అని విసుక్కోకుండా కారణం వెతకడం మనిషికి నేర్పే పాఠం. రెండోదే కష్టమని శిక్షకులు అంటారు.

ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారు?

కుక్కలు చూపులేనివారికి తోడు నడవడం ఎప్పటి నుంచో ఉంది. ఒక పద్ధతి ప్రకారం, బడి పెట్టి నేర్పడం మాత్రం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో మొదలైంది. విషవాయువుల వల్ల, పేలుళ్ల వల్ల వేలమంది సైనికులు చూపు పోగొట్టుకున్నారు. వారికోసం గెర్హార్డ్ స్టాలింగ్ అనే డాక్టరు 1916లో ఓల్డెన్‌బుర్గ్‌లో శిక్షణకేంద్రం పెట్టాడు. తర్వాత 1923లో పోట్స్‌డామ్‌లో ఇంకొకటి వచ్చింది.

స్విట్జర్లాండ్‌లో స్థిరపడి, జర్మన్ షెపర్డ్‌లను పెంచుతున్న డొరతీ హారిసన్ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ పోట్స్‌డామ్ బడిని చూసి, 1927 నవంబరులో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాసింది. టెన్నెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో మోరిస్ ఫ్రాంక్ అనే కుర్రవాడికి వాళ్ల నాన్న ఆ వ్యాసం చదివి వినిపించాడు. చిన్నప్పుడు ఒక ప్రమాదంలో ఒక కన్ను, పదహారేళ్లకు బాక్సింగ్‌లో రెండో కన్ను పోగొట్టుకున్నాడు ఫ్రాంక్. ఎక్కడికి వెళ్లాలన్నా ఎవరినో బతిమాలుకోవడం అతనికి పరమ అసహ్యం. నాకూ అలాంటి కుక్క కావాలి, నేర్చుకుని వచ్చి ఇక్కడివాళ్లకూ నేర్పుతాను అని యూస్టిస్‌కు ఉత్తరం రాశాడు.

1928లో అతను ఓడలో యూరప్ వెళ్లిన తీరు వింటే ఒళ్లు మండుతుంది. తోడు లేని గుడ్డివాడు కాబట్టి పార్సిల్‌లాగా ఒకరికి అప్పగించి పంపారు. గదిలో పెట్టి తాళం వేసేవారట. తిరుగు ప్రయాణంలో పక్కన ‘బడీ’ అనే ఆడ జర్మన్ షెపర్డ్ ఉంది, తాళం అవసరం రాలేదు. ఆ జూన్‌లో న్యూయార్క్ రేవులో దిగగానే విలేకరులు చుట్టుముట్టి, భారీ వాహనాలతో కిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్‌ను దాటి చూపించమన్నారు. ఆ గోలలో దిక్కు తెలియక, తనను తాను పూర్తిగా కుక్కకే అప్పగించేశానని ఫ్రాంక్ తర్వాత చెప్పుకున్నాడు. పైన నేను చెప్పిన సూత్రానికి ఇది మినహాయింపే, ఒప్పుకుంటాను. అవతలికి చేరాక యూస్టిస్‌కు ‘విజయం’ అనే ఒక్క మాటతో తంతి పంపాడు.

1929 జనవరి 29న నాష్‌విల్‌లో ద సీయింగ్ ఐ మొదలైంది. తర్వాత అది న్యూజెర్సీకి మారింది. ఇంగ్లండ్‌లో 1931లో లివర్‌పూల్ ఎదురుగా ఉన్న వాలసీ పట్టణంలో ఇద్దరు మహిళలు, మ్యూరియల్ క్రుక్, రోసమండ్ బాండ్, ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని మొదటి నాలుగు కుక్కలను తయారుచేయించారు. వాటి పేర్లు ఫ్లాష్, జూడీ, మెటా, ఫాలీ.

ఏ జాతి కుక్కలు పనికొస్తాయి?

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఈ రెండింటి సంకరం, జర్మన్ షెపర్డ్. కుక్కవెంట్రుకలు పడనివారికి అరుదుగా పూడుల్. ఒకప్పుడు అన్నీ షెపర్డ్‌లే ఉండేవి. ఇప్పుడు లాబ్రడార్‌లదే రాజ్యం. ఎవరి చేతికి అప్పగించినా త్వరగా కలిసిపోతాయి, తిండికోసం ఏమైనా నేర్చుకుంటాయి. ఆ తిండిపోతుతనమే తర్వాత సమస్య కూడా అవుతుంది.

మా పెంపుడు కుక్క చాలా తెలివైంది. దానికి నేర్పించవచ్చా?

మీ కుక్క తెలివి మీద నాకు సందేహం లేదు. కానీ సంస్థలు పెంపుడు కుక్కలను తీసుకోవు. తరతరాలుగా తుంటి కీళ్లు, కళ్లు, స్వభావం పరీక్షించి, ఎంపిక చేసిన జంటల నుంచి పుట్టించిన పిల్లలతోనే పనిచేస్తాయి. పిల్లిని చూసి ఒక్కసారి ఉరికే కుక్క ఇంట్లో ముద్దుగానే ఉంటుంది. అదే ఉరుకు రోడ్డు మీద మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. తెలివికంటే నిలకడ ముఖ్యం.

పుట్టిన కుక్కపిల్ల మొదటి ఏడాది ఎక్కడ ఉంటుంది?

మామూలు ఇళ్లలో. ఒకే కాన్పులో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పెట్టి, ఏడెనిమిది వారాల వయసులో స్వచ్ఛంద కుటుంబాలకు ఇస్తారు. పదిహేను పదహారు నెలల వయసు వచ్చేదాకా అది ఆ ఇంట్లోనే పెరుగుతుంది.

ఆ కుటుంబం దానికి దారి చూపడం నేర్పదు. అది తర్వాతి సంగతి. కుటుంబం నేర్పేది మర్యాద, చూపించేది లోకం. ఇంట్లో మలమూత్రాలు చేయకపోవడం, మనుషుల మీదికి ఎగరకపోవడం, కూర్చో అంటే కూర్చోవడం, పట్టీ లాగకుండా పక్కన నడవడం. వీటితోపాటు రైలు స్టేషన్, లిఫ్టు, బడి గంట, చక్రాల కుర్చీ, గొడుగు, టపాసులు, జనం గుంపు, వీటన్నిటినీ చిన్నప్పుడే చూపించాలి. ఏదీ చూడకుండా పెరిగిన కుక్క పెద్దయ్యాక ఆటోమేటిక్ తలుపుకు కూడా బెదురుతుంది.

మేమూ పెంచవచ్చా? మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పైగా మేం శాకాహారులం.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, డెలావేర్ వంటి చోట్ల సీయింగ్ ఐకి పెంపకందారుల బృందాలున్నాయి. పిల్లలుండటం అడ్డు కాదు, మేలు కూడా. న్యూజెర్సీలో 1942 నుంచి బడిపిల్లల సంఘాల ద్వారానే ఈ పెంపకం పెద్దయెత్తున సాగింది. పశువైద్యం ఖర్చు సంస్థ భరిస్తుంది, తిండికి కొంత డబ్బు ఇస్తుంది. మీరు ఇవ్వాల్సింది సమయం. రోజంతా ఎవరూ లేని ఇంట్లో కుక్కపిల్లను కట్టేసి ఆఫీసుకు వెళ్తామంటే కుదరదు.

శాకాహారం గురించి: దానికి పెట్టేది సంచిలో వచ్చే ఎండు ఆహారం. అందులో మాంసం ఉంటుంది, వంటింట్లో వండాల్సిన పని మాత్రం లేదు. దాన్ని తాకడమే ఇష్టం లేకపోతే ఈ పని మీకు కాదు.

అసలు చిక్కు వేరే ఉంది, అమ్మమ్మలు. “పాపం, అలా చూస్తోంది, ఒక్క ముద్ద పెరుగన్నం పెడితే ఏమవుతుంది?” అని అడుగుతారు. అవుతుంది. భోజనాల బల్ల దగ్గర ముద్ద దొరుకుతుందని నేర్చుకున్న కుక్క, రేపు రెస్టారెంట్‌లో కింద పడిన ఎముక కోసం తన మనిషిని లాగి పడేస్తుంది. మనుషుల తిండి పెట్టకూడదన్న నియమం ఇంట్లో అందరికీ వర్తిస్తుంది, ఇండియా నుంచి ఆరునెలలకు వచ్చినవాళ్లతో సహా. కుక్కను చేరదీసే ముందు వాళ్లతో ఈ మాట అనేయడం మంచిది.

ఏడాది పెంచి ఇచ్చేయడం బాధగా ఉండదా?

ఉంటుంది. వ్యాను వచ్చి తీసుకెళ్లిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. మనసుకు పట్టకుండా పెంచితే ఆ కుక్క సరిగా పెరగదు, మనసు పెట్టి పెంచితే ఈ రోజు తప్పదు.

శిక్షణ చివర్లో పెంచిన కుటుంబాన్ని మోరిస్‌టౌన్‌కు పిలుస్తారు. తమ కుక్క శిక్షకుడితో కలిసి వీధుల్లో పనిచేయడాన్ని వాళ్లు కొంచెం వెనక ఉండి, అది తమను గమనించకుండా చూస్తారు. మొన్నటిదాకా సోఫా మూల కొరికిన జీవం నడి బజారులో మనిషిని తప్పించి నడిపిస్తుంటే నోట మాట రాదు. తర్వాత అది ఎవరి దగ్గరికి వెళ్లిందో పేరు, ఊరు సంస్థ చెప్పదు. ఇది కటువుగా అనిపించవచ్చు కానీ నాకు సబబే అనిపిస్తుంది. ఆ మనిషి తన కుక్కతో తన బతుకు బతకాలి. అపరిచితులకు ఋణపడి ఉన్నట్టు ఉండకూడదు.

అసలు శిక్షణ ఎలా ఉంటుంది?

కుక్క తిరిగి వచ్చాక ముందు కళ్లు, కీళ్లు, గుండె పరీక్షలు. తర్వాత దాదాపు నాలుగు నెలలు ఒక శిక్షకుడి చేతిలో ఉంటుంది. ఒక్కో శిక్షకుడికి ఒకేసారి కొన్ని కుక్కల బాధ్యత ఉంటుంది. ఆ శిక్షకుడు కావడానికే మూడేళ్ల అప్రెంటిస్ అనుభవం కావాలి.

ముందు హార్నెస్ అలవాటు చేస్తారు. ఛాతీకి, వీపుకు పట్టీలు, పైన గట్టి పిడి. ఆ పిడి వంగదు కాబట్టి కుక్క ఒంటి కదలిక ప్రతిదీ మనిషి ఎడమ చేతికి తెలుస్తుంది. భుజం కొంచెం కుడికి వాలినా, నడక తగ్గినా చేతికి అందిపోతుంది. మామూలు పట్టీతో ఇది సాధ్యం కాదు. కుక్క పట్టీ లాగకూడదని ఏడాది నేర్పాక, హార్నెస్ వేశాక మాత్రం కొంచెం ముందుకు లాగుతూ నడవాలని నేర్పడం ఇందులో తమాషా.

పాఠాలు నిశ్శబ్ద వీధుల్లో మొదలై, మోరిస్‌టౌన్ బజారుకు, చివరికి న్యూయార్క్ సబ్‌వే దాకా వెళ్తాయి. కుక్క పక్కనుంచి దూరిపోయి మనిషిని స్తంభానికి తగిలిస్తే శిక్షకుడు దాన్ని కొట్టడు. అక్కడే ఆగి, స్తంభాన్ని చేత్తో తట్టి చూపించి, నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ నడిపిస్తాడు. ఈసారి తప్పిస్తే మెచ్చుకోలు. పాతరోజుల్లో పట్టీ గుంజి దిద్దడం ఎక్కువగా ఉండేది. గత రెండు మూడు దశాబ్దాల్లో తినుబండారం, మెచ్చుకోలు వైపు పద్ధతులు బాగా మారాయి. మారడం మంచిదైంది.

చివరి పరీక్షలో శిక్షకుడు కళ్లకు గంతలు కట్టుకుని కుక్కతో ఊళ్లోకి వెళ్తాడు. పర్యవేక్షకుడు వెనక నడుస్తాడు. తన పనితనం మీద తన ఒంటినే పందెం పెట్టే పరీక్ష ఇది.

పాసు కాని కుక్కలు ఏమవుతాయి?

అలాంటివి చాలానే ఉంటాయి, అవి పనికిమాలినవి కావు. పావురం కనిపిస్తే ఆగలేనివి, చప్పుళ్లకు బెదిరేవి, చర్మవ్యాధి ఉన్నవి ఉంటాయి. కొన్ని పోలీసు శాఖల్లో వాసన పట్టే పనికి వెళ్తాయి. మిగతావి పెంపుడు కుక్కలవుతాయి. మొదటి అవకాశం పెంచిన కుటుంబానిదే. తమ కుక్క తప్పిందని తెలిసి లోపల లోపల సంతోషపడే పిల్లలూ ఉంటారు.

ఏ కుక్క ఎవరికి అన్నది ఎలా తేలుస్తారు?

మన పెళ్లిసంబంధాల వ్యవహారమే, జాతకాలు తప్ప. మనిషి నడక వేగం, ఎత్తు, ఉండేది పల్లెలోనా మన్‌హాటన్‌లోనా, ఇంట్లో పసిపిల్లలున్నారా, రోజూ ఎంత నడుస్తాడు, ఇవన్నీ చూస్తారు. కుక్కను చేతికి ఇచ్చే ముందు శిక్షకుడే హార్నెస్ పట్టుకుని కుక్క పాత్ర వేస్తాడు. మనిషి పిడి పట్టుకుని అతని వెనక వీధిలో నడుస్తాడు. ఎంత వేగం ఇష్టం, ఎంత లాగితే చేతికి హాయి, గొంతులో అధికారం ఉందా మొహమాటం ఉందా అన్నది అందులో తెలిసిపోతుంది. ఈ నడకను ‘జూనో వాక్’ అంటారు.

తర్వాత మూడు నాలుగు వారాలు మోరిస్‌టౌన్‌లోనే ఉండి ఇద్దరూ కలిసి నేర్చుకోవాలి. మొదటివారం కుక్క కొత్త మనిషిని వదిలి శిక్షకుడి వైపే చూస్తుంటుంది. ఆ చూపు మారడం ఎవరికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం. పూర్తిగా జతగా నడవడానికి ఆర్నెల్లు, ఏడాది పట్టడం మామూలే.

ఖర్చు ఎంత?

ఒక్కో కుక్క మీద సంస్థకు వేలకువేల డాలర్లు ఖర్చవుతాయి. అదంతా విరాళాల నుంచి వస్తుంది. తీసుకునే మనిషి కట్టేది మొదటి కుక్కకు 150 డాలర్లు, తర్వాతి కుక్కలకు 50, సైన్యంలో పనిచేసినవారికి 1 డాలరు. 1930లలో పెట్టిన ఈ రుసుము ఇప్పటికీ మారలేదు. ఊరికే ఇచ్చే స్తోమత ఉన్నా ఈ రుసుము ఎందుకంటే, దానంగా కాకుండా కొనుక్కున్నాను అని మనిషి తలెత్తుకుని చెప్పగలగాలని ఫ్రాంక్ పట్టుబట్టాడు. శిక్షణ పూర్తయ్యాక కుక్క యాజమాన్యం కూడా ఆ మనిషిదే. అన్ని సంస్థలూ ఇలా చేయవు.

కుక్కను పనిలో పెట్టడం హింస కాదా?

హార్నెస్ తీసేస్తే అది కూడా బంతి వెంట పరుగెత్తే మామూలు కుక్కే. పని ఇష్టంలేనిది శిక్షణలోనే తేలిపోతుంది, దాన్ని బలవంతంగా నడిపిస్తే ప్రమాదం మనిషికే. రోజుకు రెండు మూడు మైళ్లు నడిచి, మిగతా సమయం తన మనిషి కాళ్ల దగ్గర పడుకునే కుక్క కంటే, పొద్దున్నుంచి రాత్రిదాకా బాల్కనీలో గొలుసుతో ఉన్న కుక్క గురించి నేను ఎక్కువ దిగులుపడతాను.

కాలకృత్యాలు?

వేళకు తిండి, వేళకు విసర్జన, చెప్పినచోట మాత్రమే. మనిషి దాని వీపు మీద చెయ్యి పెట్టి, వంగిన తీరునుబట్టి ఎక్కడ చేస్తోందో తెలుసుకుని, సంచి చేతికి తొడుక్కుని తీసేస్తాడు. చూపున్నవాళ్లు చాలామంది ఇంత కూడా చేయరు.

వీధిలో ఎదురైతే మేం ఏం చేయాలి?

కుక్కను ముట్టుకోవద్దు, పిలవవద్దు, చిటికెలు వేయవద్దు, దాని కళ్లలోకి చూసి ముద్దుమాటలు అనవద్దు. అది రోడ్డు మీద దృష్టి తప్పితే దెబ్బ తినేది పక్కన ఉన్న మనిషి. సాయం అవసరమనిపిస్తే కుక్కతో కాదు, మనిషితో మాట్లాడండి. “సాయం కావాలా?” అని అడిగి, కావాలంటే మీ మోచేయి అందించండి. హార్నెస్ పట్టుకుని లాగడం అంటే వేరేవాళ్ల కారు స్టీరింగ్ పట్టుకోవడమే. మీ కుక్క పక్కనుంటే పట్టీ బిగించి దూరంగా నడవండి. దాడికి గురైన గైడ్ డాగ్ మళ్లీ పనికి రాకపోయే ప్రమాదం ఉంది.

మాకు రెస్టారెంట్ ఉంది. కుక్కను రానివ్వాల్సిందేనా?

అమెరికాలో అయితే రానివ్వాల్సిందే. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం దుకాణం, హోటల్, టాక్సీ, ఆసుపత్రి ఏదైనా అంతే. మీరు అడగగలిగినవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల అవసరమైన సేవా కుక్కేనా? ఏ పని చేయడానికి శిక్షణ పొందింది? కాగితాలు చూపించమనకూడదు, విద్య ప్రదర్శించమనకూడదు, అదనంగా డబ్బు తీసుకోకూడదు, మూలబల్లకు పంపకూడదు. “మిగతా కస్టమర్లకు భయం”, “అలెర్జీ” అన్నవి కారణాలు కావు. కుక్క అదుపు తప్పి అల్లరి చేస్తే, నేల పాడుచేస్తే మాత్రం దాన్ని బయటికి తీసుకెళ్లమనవచ్చు, మనిషికి భోజనం పెట్టాల్సిందే. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ఇలాంటి రక్షణే ఇస్తుంది.

మనసుకు ఊరట కోసం పెంచుకునే జంతువులకు ఈ హక్కు లేదు. నకిలీ చొక్కా తొడిగిన పెంపుడు కుక్కలను వెంటేసుకుని తిరిగేవాళ్ల వల్ల నిజమైనవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోంది.

మరి గుడిలోకి?

అమెరికా చట్టం ప్రార్థనా స్థలాలకు మినహాయింపు ఇచ్చింది, కాబట్టి నిర్ణయం గుడి కమిటీదే. కుక్క అపవిత్రం అనే వాదన నాకు పూర్తిగా అర్థం కాదు. దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలు ఆయన పాదాల దగ్గరే ఉంటాయి. కాలభైరవుడి వాహనమే కుక్క. కుక్కను వదిలేస్తే స్వర్గం వద్దన్నాడు ధర్మరాజు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 2008లో ఒక మసీదు చూపులేని విద్యార్థి కోసం గైడ్ డాగ్‌ను ఆవరణలోకి రానిచ్చింది, పెద్దలు కూర్చుని దానికొక ఏర్పాటు ఆలోచించారు. మన కమిటీలూ కనీసం కుక్క కూర్చోవడానికి నీడ, నీళ్లు, లోపలికి వెళ్లేవారికి తోడుగా ఒక మనిషి, ఇంతైనా ముందుగా అనుకుని పెట్టుకోవచ్చు.

విమానంలో ఇండియాకు తీసుకురావచ్చా?

కుదురుతుంది, కానీ కాగితాలు చాలా. 2021 జనవరి నుంచి అమెరికా విమానయాన నిబంధనల ప్రకారం శిక్షణ పొందిన సేవా కుక్క మాత్రమే ఉచితంగా కేబిన్‌లో, మనిషి కాళ్ల దగ్గర ప్రయాణించగలదు. 8 గంటలు, అంతకు పైబడిన ప్రయాణానికి మలమూత్రాల విషయమై విడిగా పత్రం అడగవచ్చు. భారత్‌లో దిగడానికి జంతు క్వారంటైన్ విభాగం అనుమతి కావాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఇంకో చిక్కు: రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమలైన నియమాల ప్రకారం కుక్కకు మైక్రోచిప్ ఉండాలి. అమెరికాలో వేసిన రేబిస్ టీకా ధ్రువపత్రాన్ని అక్కడి నుంచి బయలుదేరకముందే ప్రభుత్వ ముద్రతో తీసుకోవాలి. వచ్చాక చూసుకుందాం అంటే కుదరదు.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఇవి ఎందుకు కనిపించవు?

భారతదేశంలో గైడ్ డాగ్‌లు చాలా అరుదు. పేదరికం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. కుక్క తిన్నగా నడిపించడానికి ముందు ఒక ఫుట్‌పాత్ ఉండాలి. మనదగ్గర దాని మీద బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇసుక కుప్పలు ఉంటాయి. రోడ్డు మీద ఎదురుదిశలో వచ్చే బైకు చప్పుడు, హారన్ల మోత మధ్య చెవులతో ట్రాఫిక్‌ను లెక్కకట్టడం దాదాపు అసాధ్యం. అన్నిటికంటే పెద్ద అడ్డంకి వీధికుక్కలు. ప్రతి సందులో ఒక గుంపు తన హద్దు కాపలా కాస్తుంటే, కొత్త కుక్క పని మీద ధ్యాస పెట్టలేదు. ఎండాకాలం తారు రోడ్డు మీద లాబ్రడార్ పాదాలు బొబ్బలెక్కుతాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో కుక్కతో సహా లోపలికి రానివ్వాలని అమెరికా చట్టంలా వివరంగా చెప్పే నిబంధన లేదు.

నన్నడిగితే, మనదగ్గర ముందు కావాల్సింది కుక్క కాదు, ఖాళీగా ఉన్న ఫుట్‌పాత్, తెల్లకర్రతో నడవడం నేర్పే శిక్షకులు. ఆ రెండూ ఉంటే అందరికీ మేలు.

చూపులేనివారందరికీ కుక్క కావాలా?

అక్కర్లేదు. అమెరికాలోనే గైడ్ డాగ్ వాడేవారు చూపులేనివారిలో రెండు శాతం దాకా ఉంటారని అంచనా. తెల్లకర్రకు తిండి అక్కర్లేదు, జబ్బు చేయదు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. చాలామందికి అదే నచ్చుతుంది. కర్రతో స్వతంత్రంగా నడవడం రానివారికి సంస్థలు కుక్కను ఇవ్వవు కూడా. కర్ర అడ్డంకిని తాకి కనిపెడుతుంది, కుక్క తాకకుండానే తప్పిస్తుంది, అందుకే కుక్కతో నడక వేగంగా ఉంటుంది. ఆ వేగం రుచి చూసినవాళ్లు వెనక్కి రావడం కష్టం.

ముసలిదైతే?

ఎనిమిది నుంచి పదేళ్ల వయసులో విశ్రాంతి ఇస్తారు. మనిషి దాన్ని తన దగ్గరే పెంపుడు కుక్కగా ఉంచుకోవచ్చు, బంధువులకు ఇవ్వవచ్చు, లేదా సంస్థ ఇల్లు వెతుకుతుంది. కొత్త కుక్కకు హార్నెస్ తొడుగుతుంటే పాతది తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుందని చాలామంది చెబుతారు. అందుకే కొందరు మనసు రాయి చేసుకుని పాతదాన్ని తెలిసినవాళ్ల ఇంటికి పంపిస్తారు.

మా నాన్నగారికి చూపు తగ్గిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కుక్కతో కాదు. ఆయన హైదరాబాద్‌లో ఉంటే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో దృష్టి పునరావాస విభాగం ఉంది. మిగిలిన చూపును వాడుకోవడం, కర్రతో నడవడం, ఫోను వాడటం నేర్పుతారు. ఆపరేషన్‌తో ఇక లాభం లేదని తేలాక ఇంట్లో కూర్చోబెట్టేయకుండా ముందు అక్కడికి తీసుకెళ్లండి. న్యూజెర్సీలో స్థిరపడినవారైతే రాష్ట్ర ప్రభుత్వానికి చూపులేనివారి కోసం ప్రత్యేక కమిషన్ ఉంది, ఇంటికే వచ్చి నేర్పుతారు. నడక మీద ధీమా వచ్చాక, రోజూ ఒకటి రెండు మైళ్లు నడిచే ఓపిక, నడవాల్సిన పని ఉంటే అప్పుడు సీయింగ్ ఐకి దరఖాస్తు పెట్టవచ్చు. ఆ సంస్థ అమెరికా, కెనడా నివాసులకే కుక్కలను ఇస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవారికి అవకాశం లేదు.